చేయి పట్టకుండా లేవాలి

ఆల్విన్ టాప్లీ ఇరవై రెండేళ్లు బస్సు నడిపాడు, ఇరవై రెండేళ్లు చచ్చాడు. చావడం ఏటా జులైలో, ఇంగ్లండులో సెవర్న్ నది ఒడ్డు పచ్చికబయల్లో, ఐదొందల ఏళ్ల కిందటి యుద్ధాన్ని మేం వేషాలేసుకుని నాటకంలా మళ్లీ ఆడేటప్పుడు.

అతను సార్జెంటు. అంటే నైటు కాదు, గుర్రమెక్కే దొరబిడ్డ కాదు. నైట్ల ముందు నిలబడి, ఈటెలు పట్టిన మా వరసని కేకలేసి నడిపించేవాడు. ఆ కాలంలో నైటు శత్రువుకి దొరికితే డబ్బు కోసం ప్రాణాలతో ఉంచేవారు, మాలాంటివాళ్లని అక్కడికక్కడే నరికేవారు. మా ఆటలో ఇప్పటికీ అంతే. వాళ్లు బందీలై గుడారంలో చల్లగా ఆపిల్ సారా, సైడర్ తాగుతారు, మేం మట్టి కరుస్తాం.

ఏప్రిల్‌లో మాకో పరీక్ష ఉంటుంది. ఇనుప టోపీ, దూది కూరిన కోటుతో వెల్లకిలా పడుకుని, ఎవరి చేయీ పట్టకుండా లేవాలి. లేవలేనివాడు గుర్రాల కాళ్ల కింద పడతాడని ఆ నియమం పెట్టింది ఆల్వినే.

ఈ ఏడు పరీక్ష పెట్టింది మా దళంలోని అమ్మాయి బ్రయొని. ఆమెకి దెబ్బ తగలకుండా పడడం నేర్పింది కూడా ఆల్వినే. ఆల్విన్ వంతు వచ్చింది. రెండుసార్లు అతని మోకాళ్లు మొరాయించాయి. నేను చేయి చాపితే కసిరాడు.

"ఆగవోయ్. పోయినేడు ఇలాగే లేవలేకపోతే మన హ్యూని ఇంటికి పంపించాను."

మూడోసారి సగం లేచి కూలబడ్డాడు. "నా వల్ల కాలేదని రాసుకో అమ్మాయ్."

బ్రయొని కాగితం వంక చూడలేకపోయింది. "పోనీ నైటుగా రండి. గుడారంలో కూర్చుంటే చాలు, కవచం మేం చూసుకుంటాం."

"ఇన్నేళ్లూ వాళ్ల చావు కూడా నేనే చచ్చాను. ఇప్పుడెళ్లి వాళ్ల కుర్చీలో కూర్చోనా?"

టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. రెండు నెలలు ఫోనెత్తలేదు. తను తీసిన గోతిలో తనే పడ్డాడని నాకు కోపం, అంతకు మించి దిగులు.

జులైలో మా వరసని ఎప్పటిలాగే నరికేశారు. ఆట ముగిసేదాకా ఎండలో శవాల్లా పడి ఉండాలి. గుర్రాలు వెళ్లిపోయాక నీళ్లు పోసేవాళ్లు వచ్చారు. వాళ్లలో కుండ పట్టుకుని కుంటుతూ ఆల్విన్.

"బతికున్నావా?" అన్నాడు నా మీదికి వంగి.

"చచ్చాను."

"మంచిది. నోరు తెరువు."

మైకులో ఆట అయిపోయిందన్నారు. గుడారంలో బరువైన కవచాలతో కూర్చున్న నైట్లని లేపడానికి సేవకులు పరిగెత్తారు. మాకెప్పుడూ ఎవరూ రారు. ఆల్విన్ కుండ దించి, వరస చివరినుంచి ఒక్కొక్కరికీ చేయి అందిస్తూ వచ్చాడు.

నా మోకాళ్లు ఇంకా బాగానే ఉన్నాయి. అయినా ఆ చేయి పట్టుకునే లేచాను.