సాటింపుకు జవాబుండేది

ఈ మాటను చెప్పవలసిన వాళ్లకు చెప్పవలసిన పద్ధతిలోనే చెప్పాను. కాగితం మీద రాసి ఇచ్చాను, ఫోన్‌లో పంపాను, ఎదురుగా నిలబడి నోటితో కూడా చెప్పాను. ఇంతవరకు ఒక్కరూ అవుననలేదు, కాదనలేదు. అందుకే మా ఊరితో ఏ సంబంధమూ లేని మీకు చెబుతున్నాను. మీరైనా చివరిదాకా వినండి.

మా పంచాయతీ గోడకు ఈమధ్య ఒక నోటీసు అంటించారు. దాని ముందు నిలబడితే ఉడికించిన మైదా జిగురు వాసన వస్తుంది. కొంచెం పులిసినట్టు, కొంచెం తియ్యగా ఉండే ఆ వాసనకు చీమలు అప్పుడే ఒక మూల చేరాయి. గోదావరిఖని దగ్గర బొగ్గు బావులను ఆనుకుని ఉన్న ఊరు మాది. ఓపెన్‌కాస్టు గనిలోంచి తవ్విన మట్టిని ఊరి పక్కన పోస్తే అది ఏటికేడు పెరిగి గుట్ట అయింది. ఆ గుట్ట ఇంకా ఇటు జరుగుతుంది కాబట్టి సమాధుల తోటకు పోయే పాత బాటను మూసివేస్తామని, అభ్యంతరాలున్న వారు తెలుపవచ్చని ఆ కాగితంలో ఉంది. ఆ తోటలో మా అమ్మ ఉంది, మా బాపు ఉన్నాడు. బాట మూస్తే బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పట్టుకుని గుట్టంతా చుట్టి రావాలి. మా అక్క కరుణకు మోకాళ్లు అరిగిపోయాయి. ఏటా ఈస్టరు తెల్లవారుజామున నా భుజం పట్టుకుని, ఆగి ఆగి, ఆ పాత బాట మీదనే తోటకు వస్తుంది. నాకు అభ్యంతరం ఉంది. తెలిపాను. ఆ తర్వాత ఏమీ జరగలేదు.

నా చిన్నతనంలో మా ఊళ్లో గోడకంటించే నోటీసులు లేవు. కావలికారు ఓదెలు కాక ఉండేవాడు, సాటింపు వేసే ఆయన డప్పు ఉండేది. ఎండాకాలం పొద్దున, ఇళ్ల ముందు బొగ్గుల పొయ్యిలు రాజుకుని పొగంతా వాడమీద దుప్పటిలా పరుచుకున్న వేళ, ఇప్పచెట్ల కింద రాలిన పూలను ఏరుకుని ఒళ్లంతా ఆ మత్తు వాసనతో మేము చిర్రగోనె ఆడుకుంటుంటే, పొగ అవతలి నుంచి డప్పు మోగేది. ఆట అక్కడే ఆగిపోయేది. రేషను చక్కెర వచ్చిందనో, పిల్లలకు సూదులు వేసే నర్సమ్మ వస్తున్నదనో, ఎవరిదో నల్ల మేక తప్పిపోయిందనో, చెరువు తూము ఎత్తుతున్నారనో ఆయన నోట వింటే తప్ప మాకు తెలిసేది కాదు. తప్పిపోయిన మేక కొమ్ము ఏ వైపు వంగి ఉందో కూడా చెప్పేవాడు. మేక గురించి చెప్పేటప్పుడు ఒక గొంతు, పన్ను గురించి చెప్పేటప్పుడు ఇంకో గొంతు. పన్ను సాటింపు వచ్చిందంటే ఆడవాళ్లు తలుపు దగ్గరికి వేసుకునేవారు. "తలుపు ఏస్కుంటె పన్ను దుంకదా అక్కా? గోడ దుంకి అస్తది!" అని ఆయన బయటి నుంచే నవ్వేవాడు.

మా ఊళ్లో సాటింపు వేయడం మిగతా ఊళ్లలో వేసినంత సులువు కాదు. సగం ఇళ్లలో మగవాళ్లు బావిలో పనిచేసేవాళ్లు. ఒకరు డ్యూటీకి పోతుంటే ఒకరు వస్తుండేవారు, ఇంకొకరు రాత్రి షిఫ్టు చేసి వచ్చి పట్టపగలు పడుకునేవారు. అలా పగలు నిద్రపోయే ఇంటి వాళ్లు గడప ముందు బావి బూట్లను బోర్లించి పెట్టేవారు. బోర్లించిన బూట్లు కనబడితే పిల్లలు ఆ ఇంటి ముందు గోలీలు ఆడకూడదు, పాలవాడు కేక వేయకూడదు, కోడిని తరమాలన్నా పెదవులు కదిపి చేతులతోనే తరమాలి. ఓదెలు కాక అక్కడికి రాగానే డప్పును చంకలో పెట్టుకుని, చెప్పులు విడిచి, గడప దగ్గర వంగి ఇంటావిడను పిలిచి చెవిలో చెప్పినట్టు చెప్పేవాడు. ఆమె "ఇన్న" అనాలి. విన్నానని ఇంటివాళ్లెవరైనా అనేదాకా ఆయన ముందుకు కదిలేవాడు కాదు. మాకు అదొక వింత. వీధిలో అంత గట్టిగా అరిచిన మనిషి మా గడప దగ్గర పిల్లిలాగా గుసగుసలాడేవాడు.

మా అమ్మ పేరు సువార్త. మా వైపు అమ్మను అందరూ పిలిచినట్టే మేమూ అవ్వా అని పిలిచేవాళ్లం. కోపం వస్తే గొంతు పెంచకుండా తగ్గించే మనిషి. అక్క తర్వాత పుట్టిన పిల్ల, నాకు చిన్నక్క కావలసింది, నేను పుట్టకముందే జ్వరంతో పోయింది. నేను ఆమెను సమాధుల తోటలో సున్నం వేసిన ఒక చిన్న దిబ్బగానే ఎరుగుదును. ఈస్టరుకు ముందు వారం అమ్మ సున్నం నానబెట్టేది. ఆ బకెట్టు మీద వేడి ఆవిరి లేచేది. కొబ్బరి పీచు కుంచెతో దిబ్బకు సున్నం పూసి, గన్నేరు పూలు పెట్టి, గాలికి కొవ్వొత్తి ఆరిపోకుండా చుట్టూ ఇటుక ముక్కలు నిలబెట్టేది. తిరిగి వచ్చాక అలసంద గారెలు, మేకమాంసం కూర. చర్చిలో పంచే గారెలు ఒక ఈస్టరునాడు నా దాకా వచ్చేసరికి అయిపోయాయి. పంచుతున్న పెద్దమనిషి ఖాళీ గంప చూపించి, నా వెనకవాడికి మాత్రం ఎక్కడి నుంచో ఒకటి తీసి ఇచ్చాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది, ఆ గారె సంగతి నాకింకా గుర్తుంది. ఇలాంటివి మరచిపోయే స్వభావం కాదు నాది. అమ్మదీ కాదు.

అలా సున్నం నానుతున్న రోజుల్లోనే ఓదెలు కాక ఒక పొద్దున మా గడపకు వచ్చాడు. బాపు రాత్రి షిఫ్టు చేసి వచ్చి లోపల పడుకున్నాడు. బూట్లు బోర్లించి ఉన్నాయి. ఊరి మీద పడి చేలు మేస్తున్న పశువులను కట్టేసే బందెలదొడ్డిని పంచాయతీ వాళ్లు పెద్దది చేస్తున్నారు, దాని రాతిగోడ సమాధుల తోట బాటకు అడ్డంగా వస్తుంది.

"ఇన్నవా చెల్లె? ఎల్లుండి సంది ఆ బాట బంద్" అన్నాడు ఓదెలు కాక గుసగుసగా.

"ఇన్న. గని ఒప్పుకోను" అంది అమ్మ, ఆయన కంటే మెల్లగా.

"ఒప్పుకోనంటే నేనేం జెయ్యాలె? డప్పు కొట్టెటోన్ని."

"పోయి గట్లనే చెప్పు. సువార్త ఇన్నది గని ఒప్పుకోలేదను."

"జర నిమ్మలంగ చెల్లె, బావ లేస్తడు."

"లేవనియ్యి. లేస్తె ఆయన గూడ ఒప్పుకోడు."

అంత పెద్ద తగువు నేనెప్పుడూ అంత చప్పుడు లేకుండా చూడలేదు. ఇద్దరూ చేతులు ఊపుకుంటున్నారు, కళ్లెర్రజేసుకుంటున్నారు, మాట మాత్రం గాలిలాగా వస్తోంది. చివరికి ఓదెలు కాక డప్పును చంకలో అట్లాగే ఉంచుకుని వెనక్కి తిరిగిపోయాడు. తర్వాతి ఇంటికి పోలేదు. ఒప్పుకోనన్న మాట పడితే దాన్ని సర్పంచుకు చేర్చి, జవాబు తెచ్చాకనే మిగతా వాడకు సాటింపు వేయడం ఆయన లెక్క. అది రాసిన నియమం కాదు. ఆయన అలా చేసేవాడు, ఊరు అలా చేయించుకునేది.

పొద్దు వాలుతుండగా సర్పంచ్ కనకయ్య మా ఇంటికి వచ్చాడు. పొలమున్న మనిషి, ఊళ్లో మాట చెల్లే మనిషి. మా ఇంట్లో కూర్చోవడం అదే మొదటిసారి. అక్క చాయ్ తెచ్చి ఇస్తే ఊదుకుంటూ అమ్మతో అన్నాడు: "ఏందమ్మ సువార్తా, ఊరంత ఒప్పుకున్నది. నీదొక్కదానిదే అడ్డమా?"

"నా బిడ్డ ఆడున్నది సర్పంచన్న."

"ఉన్నది. తోటను నేనేమన్న దున్నుతున్ననా? బాటనే గద."

"బాట లేని తోటకు ఎట్ల పోవాలె? పిట్ట లెక్క ఎగరాల్నా?"

అప్పుడే లేచి ముఖం కడుక్కుని వచ్చిన బాపు తువ్వాలతో మెడ తుడుచుకుంటూ, "అడిగింది గద. జవాబు చెప్పు సర్పంచు" అన్నాడు. సర్పంచ్ చాయ్ పూర్తిగా తాగాడు, గ్లాసు కింద పెట్టాడు. గోడ ఆపడం కుదరదని, పశువులతో రైతులు చస్తున్నారని, గోడలో ఒక సందు మాత్రం వదిలిపెట్టిస్తానని, పొద్దున బాట దగ్గరికే వచ్చి చూసుకొమ్మని చెప్పాడు.

మరునాడు వాడంతా అక్కడే ఉంది. మోదుగుపూలు రాలిపోయి కొమ్మలు బోసిగా ఉన్న కాలం. మేస్త్రీలు రాళ్లు పేర్చి ఒక సందు చూపించారు. "మనిషి సక్కగ పోతడు" అన్నాడు సర్పంచ్. "నడిచెటోడు పోతడు. మోసుకపోయెటోని సంగతేంది?" అంది అమ్మ. నిజమే, శవపెట్టెను నలుగురు భుజాల మీద మోసుకుపోవాలి. బాపు పోయి మా నులక మంచం తెచ్చాడు. ఖాళీ మంచం అయితే ఎత్తేవాళ్లు దగ్గరగా నడుస్తారు, బరువుంటేనే సంగతి తెలుస్తుందని ఓదెలు కాక నా రెక్క పట్టుకుని, "ఈ పోరన్ని పండవెడ్దాం" అన్నాడు.

అమ్మ గొంతు మొదటిసారి పైకి లేచింది. "నోరు ముయ్యి ఓదెలన్నా! బతికున్న పోరన్ని పాడె మీద పండవెడ్తవా?"

అప్పుడు సర్పంచ్ కనకయ్య చెప్పులు విడిచాడు, ధోవతి సర్దుకున్నాడు, మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. "పట్టుండ్రి. జల్ది పట్టుండ్రి. మా ఇంటిది సూసిందంటె నిజంగనే మోయిస్తది" అన్నాడు ఆకాశం చూస్తూ. వాడంతా పగలబడి నవ్వింది. బాపు, ఓదెలు కాక, ఇద్దరు మేస్త్రీలు మంచం ఎత్తారు. సందులోకి రాగానే బాపు మోచెయ్యి రాయికి గీసుకుంది. దించారు, రాళ్లు జరిపారు, మళ్లీ ఎత్తారు. ఈసారి మేస్త్రీ భుజం తగిలింది. మళ్లీ జరిపారు. చివరికి సర్పంచ్ ఏ రాయికీ తగలకుండా అటుపక్కకు చేరాడు. మంచం దిగి దులుపుకుంటూ, "అయిందా చెల్లె?" అన్నాడు. "ఆనకాలం బురదల కాళ్లు జారుతయ్. ఇంకో మూర ఇడువుండ్రి" అంది అమ్మ. ఆయన మేస్త్రీల వైపు చూసి తల ఊపాడు.

అమ్మ గెలిచిందని నేను చెప్పను. గోడ కట్టారు. బందెలదొడ్డి కంపు ఈస్టరు నాటి కొవ్వొత్తుల మధ్యకు కూడా వచ్చేది. ఆ సందు దాటిన ప్రతిసారీ అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని సర్పంచును ఒక మాట అనేది. కానీ ఆమె అడిగినదానికి ఒక మనిషి వచ్చి జవాబు చెప్పాడు. చాలా ఏళ్ల తర్వాత అమ్మ పెట్టె కూడా ఆ సందులోంచే పోయింది. మోసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఎవరి మోచెయ్యీ గీసుకోలేదు.

ఇప్పుడు ఓదెలు కాక లేడు. ఆయన కొడుకు గోదావరిఖనిలో షేర్ ఆటో నడుపుతాడు, డప్పు కొట్టడు. కొట్టకపోవడమే మంచిదయింది, ఆ పనికి ఊరు ఓదెలు కాకకు ఇచ్చిన మర్యాద ఏపాటిదో నేను చూశాను. భూమి లోపలి బావులు మూతపడి ఓపెన్‌కాస్టు వచ్చింది, గడపల ముందు బూట్లు లేవు. చిర్రగోనె ఆడిన ఇప్పచెట్లు మట్టి గుట్ట కింద ఎక్కడున్నాయో నాకే గుర్తుపట్టరాదు. పగలు నిద్రపోయేవాళ్ల కోసం ఇప్పుడెవరూ గొంతు తగ్గించరు. చెత్త బండి పాట పెట్టుకుని వస్తుంది, గని పేలుళ్లకు కిటికీలు అదురుతాయి. ఊరి కబుర్లన్నీ ఫోన్‌లో గ్రూపులో వస్తాయి. పన్ను గడువు, నల్లా బంద్, నాయకుల పుట్టినరోజు ఫోటోలు. సమాధుల తోట బాట సంగతి కూడా అందులోనే ఒక కేకు ఫోటో కింద వచ్చింది. కింద నా మాట రాద్దామంటే అడ్మిన్లు మాత్రమే రాయగలరని వస్తుంది. అడ్మిన్‌కు విడిగా రాశాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. చదివారన్నమాట.

ఆఫీసుకు పోయాను. పల్లీలు తింటున్న గుమాస్తా పొట్టు ఊదుతూనే అన్నాడు: "గ్రూపుల పెట్టినం గద పెద్దమనిషి, సూస్కోలేదా?"

"సూసిన. ఒప్పుకోను."

"ఒప్పుకోకుంటె ఒప్పుకోకు. నిన్నెవలు అడిగిండ్రు?"

"మీ కాగితమే అడిగింది. అభ్యంతరముంటె చెప్పుమన్నది."

"అది అట్లనే రాస్తరు. సార్ మీటింగుల ఉన్నడు, రేపు రా."

మరునాడు పోయాను, ఆ తర్వాతా పోయాను. కాగితం ఇచ్చి ముద్ర వేయించుకున్నాను. కొన్నాళ్లకు ఫోన్‌కు ఒక సందేశం వచ్చింది. మీ వినతి పరిష్కరించబడినది అని. ఎవరు పరిష్కరించారు? ఏమని? మా ఇంటికి ఎవరూ రాలేదు. బాట దగ్గరికి ఎవరూ రాలేదు. మట్టి లారీలు మాత్రం ఆ పక్కకు రావడం మొదలైంది.

ఇక ఈ మాట ఆ నోటీసు అంటించినవాళ్లకే చెబుతున్నాను. నేను బొగ్గు తవ్వొద్దనడం లేదు. మా బాపు అదే తవ్వి మమ్మల్ని సాకాడు. బాట మూయక తప్పదంటే ఆ మాటే చెప్పండి. దాని బదులు ఇంకో బాట ఎటు ఇస్తారో, పెట్టె మోసే నలుగురు దాంట్లో పడతారో లేదో, మోకాళ్లు అరిగిన మనిషి దాని మీద నడవగలదో లేదో చెప్పండి. కాదని చెప్పినా సరే, మా ఇంటికి వచ్చి, కూర్చుని, మా అక్క ముఖం చూసి కాదని చెప్పండి. ఆమె చాయ్ ఇస్తుంది. ఈస్టరు దగ్గర పడింది. నిన్ననే అక్క, "తమ్మీ, ఈసారి ఏ బాటన పోదాం?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అది మీ దగ్గర ఉంది. మీలో ఎవరు వచ్చి చెబుతారు?