కింది ముచ్చట

గోదావరిఖని వైపు బొగ్గుబాయిలు తెరిచిన కొత్తలో మా ఊరి మగవాళ్లు నాగళ్లు గోడకు ఆనించి అటు నడిచారు. సారవ్వ భర్త ముత్యం కూడా వెళ్లాడు. తక్కిన ఆడవాళ్లు కంపెనీ క్వార్టర్లు ఎప్పుడిస్తారా అని ఎదురుచూస్తుంటే, ఈమె మాత్రం కదిలేది లేదంది. మామ ఆగయ్యను, మేకలను, కాస్త మిరపతోటను పట్టుకుని ఊళ్లోనే ఉండిపోయింది. ఆమెతో వాదించి నెగ్గినవాళ్లు మా వాడలో లేరు. మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒక్క మట్టిగోడే కాబట్టి, కోడి కంటే ముందు ఆమె నోరే మమ్మల్ని లేపేది.

ముత్యం మొదటి డ్యూటీ చేసి వచ్చిన రోజు, కింద బాయిలో నెత్తిమీది కప్పు ఎలా పెళపెళమందో చెప్పబోయాడు. కాళ్లకు నీళ్లిస్తున్న సారవ్వ చెంబు కింద పెట్టేసింది.

"కింది ముచ్చట కిందనే ఇడిసి రా. గడప దాటి తేకు. ఇంటె నాకు బువ్వ దిగది."

బాయి పనివాళ్ల ఇళ్లలో చాలావాటిలో ఇదే రివాజు. మగవాడు చెప్పడు, ఆడది అడగదు. భయం ఇంట్లోకి రాకూడదని. ముత్యం మెత్తని మనిషి, ఆ మాట దాటలేదు. కింద చూసినదంతా కడుపులోనే పెట్టుకున్నాడు. ఆ రివాజంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మంటే.

అరవై ఎనిమిదిలో శివరాత్రి దగ్గరికొచ్చినా చలి పోలేదు. మేకలు ఈనే కాలం. పుట్టిన పిల్లలు తెల్లారేసరికి కొయ్యబారి ఉండేవి. వాటిని మిరపతోట గట్టున పాతిపెట్టి, సారవ్వ చేతులు కడుక్కుని మళ్లీ పనిలో పడేది. అప్పుడే ఆమె కూతురు అనసూర్య తొలి కాన్పుకు వచ్చి ఆడపిల్లను కన్నది. పిల్ల బక్కది, గట్టిగా ఏడ్చే ఓపిక కూడా లేదు. ఆ పసిగుడ్డు ఈ చలికి నిలవాలన్నదే సారవ్వ ఫికర్. బాలింత మంచం కింద తుమ్మకట్టె నిప్పులు పెడితే, పొగకు పసిది ఉక్కిరిబిక్కిరయ్యేది.

ముత్యం సైకిల్ మీద బస్తాడు బొగ్గు తెచ్చాడు.

"క్వార్టర్లల్ల గిదే కాలుస్తరు. వాకిట్ల రాజేసి, పొగంత పోయినంక లోపట వెట్టుకుంటరు."

సారవ్వ కుంపటి సిద్ధం చేస్తుంటే ముసలి ఆగయ్య అడ్డం వచ్చాడు.

"పసిదాని కాడ ముందుగాల వద్దు బిడ్డా. ఇయ్యాల నా కాడ వెట్టు. పొగ వస్తదో రాదో నేను సూస్త. మేకపిల్లలకు గూడ ఎచ్చగుంటది."

ఆయన పడుకునేది మేకల కొట్టంలోనే. సారవ్వ కుంపటి అక్కడే పెట్టి, ఆ కొట్టం సందులన్నీ మట్టితో మెత్తింది, తలుపుకు గోనెపట్టాలు కట్టింది. ముత్యం రాత్రి షిఫ్టుకు వెళ్లిపోయాడు. ఆమె పడుకోబోయే ముందు బయటి నుంచే అడిగితే, "పొగ లేదు బిడ్డా, మంచిగున్నది, నువ్వు పో" అన్నాడు ఆగయ్య.

పొద్దున ఆమె కేకకు మేం గోడ దూకి వెళ్లాం. ఆగయ్య పక్కకు ఒత్తిగిలి పడుకుని ఉన్నాడు, ఊపిరి లేదు. పొట్ట దగ్గర ముడుచుకున్న మేకపిల్లలూ చచ్చి ఉన్నాయి. ముసలాయన చెంపలు మాత్రం ఎర్రగా, పడుచువాడి చెంపల్లా ఉన్నాయి.

"నిప్పు ఇంకింత ముందు వెట్టకపోతి," అని సారవ్వ నెత్తి కొట్టుకుంది. "సలి అప్పటికే లోపటికి వోయింది. మామకు మొకంల ఎచ్చదనమన్న వచ్చింది గని, గింతింత కూనలకు గదీ అందలె."

షిఫ్టు దిగి వచ్చిన ముత్యం తండ్రి ముఖం చూశాడు. ఏడవలేదు. గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

ముసలాయనను మట్టి చేసి వచ్చేసరికి పొద్దు గూకుతోంది. చావింట్లో పొయ్యి రాజేయరు కనుక మా అమ్మ అంబలి ఇచ్చి పంపింది. కానీ బాలింతకు నిప్పు తప్పదు కదా! సారవ్వ కుంపటి రాజేసి, పొగ పోయేదాకా ఆగి, పాత బట్టలతో పట్టుకుని గదిలోకి నడిచింది. గడపలో ముత్యం ఆ కుంపటిని ఉత్త చేతులతో లాక్కుని వాకిట్లోకి విసిరేశాడు. చేతులు బొబ్బలెక్కాయి.

"పిస లేసిందా నీకు? పసిదాన్ని సలికి సంపుతవా?"

"నాయినను సలి సంపలేదే. గా నిప్పు సంపింది."

ముత్యం ఎవరి ముఖమూ చూడకుండా చెప్పాడు.

"పోయినేడు కింద, బొగ్గు తీసి ఇడిసిన పాత పని కాడ, మిగిలిన బొగ్గు దానంతల అదే రాజుకున్నది. పొగ లేదు, వాసన లేదు. నాతోని పనిజేసె మొగిలన్న, ఇంకొకాయన కూసున్నకాడనే నిద్రవోయిండ్రు. మోసుకొస్తె మొకాలు గిట్లనే ఎర్రగున్నయి. బొగ్గు గాలి గట్లనే తీస్కపోతదని చెప్పిండ్రు. గది కింది గాలనుకున్న. ఇంటి కుంపట్ల గూడ ఉంటదని నాకు తోచలేదు. పొద్దుగాల నాయిన మొకం సూసినంకనే తెలిసింది."

"మొగిలన్న గట్ల సచ్చిండా? నాకెన్నడు చెప్పకపోతివి!"

"కింది ముచ్చట తేవద్దంటివి గద."

సారవ్వ వాకిట్లో చెల్లాచెదురైన నిప్పుల మీద నీళ్లు కుమ్మరించి, లోపలికి పోయి, పసిదాన్ని తన రొమ్ముకు అదుముకుని పైన గొంగడి చుట్టుకుంది. ఎండలు ముదిరేదాకా రోజూ రాత్రంతా అలాగే కూర్చుని కునికేది. పిల్ల బతికింది.

అప్పటినుంచి ముత్యం డ్యూటీ దిగి వస్తే, సారవ్వ చెంబు పట్టుకుని గడపకు అడ్డంగా కూర్చునేది.

"ఇయ్యాల కింద ఏమైంది? చెప్పు."

అంతా చెప్పేదాకా లోపలికి దారి ఇచ్చేది కాదు. విన్న రోజున చాలాసార్లు ఆమెకు బువ్వ దిగేది కాదు. అయినా మర్నాడు మళ్లీ అడిగేది.