సుగుణక్క ఫొటో తీసిన సిమెంటు ఎద్దులు

ఎండకు కాగిన ప్లాస్టిక్ గడ్డి వాసన వస్తే చాలు, నాకు సుగుణక్క గుర్తుకొస్తుంది. మొన్న మొయినాబాద్ దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో పెళ్లి ఫొటోలు తీస్తుంటే ఆ వాసనే ముక్కుకు తగిలింది. చేవెళ్లలో ఆమెకు ఫొటో స్టూడియో ఉండేది. కెమెరా పట్టుకోవడం నాకు నేర్పింది ఆమే. ఇప్పుడు అక్క లేదు.

పెళ్లివాళ్లు భోజనాలకు కూర్చోగానే అక్క మాయమయ్యేది. వెతికితే సిమెంటు జింక ముందో, గొట్టంలోంచి నీళ్లు కారే ఉత్తుత్తి జలపాతం ముందో మోకాళ్ల మీద కూర్చుని కనిపించేది. పెట్రోలు బంకులో ప్లాస్టిక్ కొబ్బరిచెట్టును కూడా వదిలేది కాదు. నాకు ఒళ్లు మండేది.

"పెండ్లిపిల్లను ఇడిచిపెట్టి గీ జింకను తీస్తవేందక్కా?" అన్నాను ఒకసారి.

"రేపు ఇది కూడ పోతది. ఎట్లుండెనో ఎవలన్న అడిగితే ఏం చూపిస్తమే?" అంది.

అలా అడిగే మనిషి ఆమె ఇంట్లోనే ఉన్నాడని తర్వాత తెలిసింది. జన్వాడ వైపు వాళ్లకున్న చేను అమ్ముడుపోయి, అక్కడ ఫంక్షన్ హాల్ లేచింది. మతిమరుపు వచ్చిన వాళ్ల బాపు "మన చేను చూపియ్యి బిడ్డా" అని రోజూ ఆమె ప్రాణం తీసేవాడు. చూపించడానికి ఒక్క ఫొటో లేదు. ఆ రోజుల్లో ఫొటో దిగడమంటే కొత్తబట్టలు కట్టుకుని స్టూడియోకు పోవడమే. మంచుకొండల పరదా ముందు ఇంటిల్లిపాదీ నిలబడ్డారు గాని, సొంత చేలో ఎవరూ ఫొటో దిగలేదు.

ఒకనాడు ఉండబట్టలేక అక్క ఆయనను ఆ హాలుకే తీసుకెళ్లింది. నేనూ వెళ్లాను. ప్లాస్టిక్ పచ్చిక మధ్య సిమెంటు ఎద్దులు, నాగలి పట్టిన సిమెంటు రైతు. ఆయన మెల్లగా వెళ్లి ఆ రైతు భుజం మీద చెయ్యేశాడు.

"ఎంతసేపు దున్నుతవ్ తమ్మీ? ఎండ కొడుతున్నది. ఎద్దులకు జర నీళ్లు పెట్టు" అన్నాడు. తర్వాత అక్క వైపు తిరిగి, "మన చేనే బిడ్డా. మంచిగనే చూసుకుంటున్నరు" అన్నాడు.

అక్క ఏడుస్తూనే ఫొటో తీసింది. నాకూ దుఃఖం ఆగలేదు. ఆ తర్వాత ఆయన అడిగినప్పుడల్లా అదే చూపించేది. ఆయన దాన్ని చూసుకుని ఊరుకునేవాడు.

మొయినాబాద్ దగ్గరి హిమాయత్‌నగర్ మా ఊరు; అక్కడ మాకింకా కొంచెం చేను మిగిలింది. ఇంటికి పోయినప్పుడల్లా, చిక్కుడుకాయలు తెంపుతున్న మా అమ్మ మీదికి కెమెరా ఎత్తుతాను.

"గీ మాసిన చీర మీదనా? ఈడ ఏమున్నదని తీస్తవ్? ఏదన్న మంచి జాగల తియ్యి" అని అమ్మ కసురుకుంటుంది.

నేను వినను. చేనంతా ఫొటోలో పడేదాకా వెనక్కి జరుగుతూనే ఉంటాను.