అంచుతో పోయిన మాట

జిగురక్క అని ఆమెను మొదట పిలిచిందెవరో ఆమెకే గుర్తులేదు. ఇరవై రెండేళ్లుగా ఒక అచ్చుశాల వెనకగదిలో పుస్తకాలు కుట్టి అట్టలు వేస్తోంది. గోళ్ల చివర ఎండిన జిగురు ఎప్పుడూ పొరలుగా ఉంటుంది. సంచిలో పుస్తకాలేసుకుని ఊళ్లు పట్టి తిరిగే నాలాంటివాడికి వైద్యుడికన్నా బైండరుతోనే ఎక్కువ పని. వానకు తడిసినవీ, ఎలుకలు రుచి చూసినవీ, రైల్లో తలకింద నలిగి వెన్ను విరిగినవీ ఆమెకే అప్పజెప్పేవాణ్ణి.

“వీటిని చదువుతున్నారా, వీటితో కుస్తీ పడుతున్నారా బాబాయ్?” అనేది.

ఆ అచ్చుశాల నెలాఖరుకి మూతపడుతోంది. ఊళ్లోని పెద్ద గ్రంథాలయంలో బైండరు ఉద్యోగం ఒక్కటే ఖాళీగా ఉంది. అది రాకపోతే బావగారి గాజుసామాన్ల కొట్టులో కూర్చోవాలి. కొట్టంటే ఆమెకు చిన్నచూపేమీ లేదు. కానీ దారం, సూది లేకుండా తన చేతులు రోజంతా ఏం చేస్తాయో ఆమె ఊహకందలేదు.

గ్రంథాలయాధికారి మంగళవారం పదకొండింటికి తానే ఫోన్ చేసి ఇంటర్వ్యూ చేస్తానన్నాడు. ఆ రోజు నేనక్కడే ఉన్నాను. ఆమె చేతులు రెండుసార్లు కడుక్కుంది. మోత వినబడకుండా కోత యంత్రం ఆపించింది. నిండా ఛార్జి చేసిన ఫోన్‌ను బల్లమీద ఎదురుగా పెట్టుకుంది.

పదకొండయింది. ఫోన్ మోగలేదు.

ఎదురుచూడటంలో నాకు కాస్త పాండిత్యముంది. రాని బస్సుల కోసం గడిపిన గంటలన్నీ కూడబెడితే ఇంకో భాష నేర్చుకునేవాణ్ణి. బస్సును తిట్టేవాళ్లను చూశాను. అది రాకపోవడం తమ తప్పేనన్నట్టు తలదించుకునేవాళ్లనూ చూశాను. ఇంకో దారుందా అని అడిగేవాళ్లు తక్కువ.

పావుగంట ఆగి ఆమే ఫోన్ చేసింది. ఎవరూ ఎత్తలేదు. అప్పుడు ఒక్కో అక్షరం చూసుకుంటూ సందేశం రాసి నాకు చదివి వినిపించింది: “నమస్కారం సార్. ఈరోజు పదకొండింటికి ఫోన్ చేస్తానన్నారు. మీకు వీలు కుదరలేదనుకుంటాను. రేపు ఒంటిగంట దాకా, ఎల్లుండి రోజంతా నేను మాట్లాడగలను.”

అంతలో భోజనం క్యారియరు పట్టుకుని బావ వచ్చాడు.

“ఇంకా ఎదురుచూపులేనా మరదలా? నిన్ను వద్దనుకున్నారు. చెప్పడానికి మొహమాటం, అంతే.”

“వద్దనుకుంటే వాళ్ల నోటితోనే చెప్పనీ బావా. వాళ్ల బదులు నేనెందుకు చెప్పుకోవాలి?”

“పోనీ, కడిగేస్తూ నాలుగు మాటలు రాసి పంపు.”

“ఆ నాలుగూ పంపితే ఐదోది వినడానికి అవతల ఎవరుంటారు?”

బావ క్యారియరు మూత తీశాడు.

బుధవారం జవాబు లేదు. ఆఫీసు నంబరుకి చేస్తే గుమాస్తా ఎత్తాడు. తన నంబరు రాయించి, తిరిగి చదివించుకుని, చీటీ అయ్యగారి బల్లమీదే పెట్టమంది. గురువారం మధ్యాహ్నానికీ ఏ కబురూ రాకపోతే చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

“తాడోపేడో తేల్చుకొస్తా.”

నేనెలాగూ గ్రంథాలయంలో రెండు పుస్తకాలు తిరిగివ్వాలి. వెంట నడిచాను.

అధికారి సన్నటి మనిషి, కళ్లద్దాలు నుదుటిమీద. “మంగళవారమా? నేను రాసుకోకుండా ఎవరికీ మాటివ్వనమ్మా,” అంటూ పోయిన నెల రిజిస్టరు తీశాడు. అక్కడి పద్ధతి ఏమిటంటే, ఏ రోజు పని ఆ రోజు విడికాగితం మీద రాస్తారు. నెల తిరగ్గానే ఆ కాగితాలను బయటివాడికిచ్చి కుట్టిస్తారు. మరుసటి నెల మొదట్లో చేయాల్సిన ఫోన్లను ఆయన ఆఖరి కాగితం కుడి అంచున రాసుకుంటాడు.

ఆఖరి పేజీ తెరిచి చూపించాడు. “చూడండి, లేదు.”

ఆమె వాదించలేదు. రిజిస్టరు అడిగి తీసుకుని, పేజీ కొసన బొటనవేలు నడిపింది.

“కుట్టినాయన అంచులు సమంగా రావాలని వేలెడంత కోసేశాడు సార్. మీరు రాసుకున్నది ఆ ముక్కతో పోయింది. ఇవిగో, వరుసల మొదళ్లు మిగిలాయి.”

ఆయన కళ్లద్దాలు దించుకుని వంగాడు. పేజీ కొసన మూడు చోట్ల సిరా గీతలు, ఈగ కాళ్లంత.

“మూడు వరుసలున్నాయి,” అందామె. “ఇంకో ఇద్దరు కూడా ఫోన్ ముందు కూర్చునుంటారు. నేనైతే మీకు ఫోన్ చేశాను, సందేశమూ పంపాను.”

“నేను కొత్త నంబర్లు ఎత్తనమ్మా. సందేశాలైతే చూడనే చూడను. గుమాస్తాకైనా చెప్పాల్సింది.”

“చెప్పాను సార్. ఆ చీటీ మీ మోచేతి కింద ఉంది.”

ఆయన మోచెయ్యి ఎత్తి చీటీ చూశాడు. తరువాత కుర్చీ లాగి, “కూర్చోండి. ఇప్పుడే మాట్లాడదాం,” అన్నాడు. నలభై నిమిషాలు మాట్లాడారు. బయట వరండాలో నేను తిరిగివ్వాల్సిన పుస్తకాల్లో ఒకటి మళ్లీ మొదలుపెట్టాను.

లేచేటప్పుడు ఆయన, “ఆ ఇద్దరితోనూ మాట్లాడి వచ్చే మంగళవారం పదకొండింటికి ఫోన్ చేస్తాను,” అన్నాడు.

“ఎక్కడ రాసుకుంటారు సార్?”

ఆయన నవ్వి కాగితం నడిమధ్య రాశాడు.

మంగళవారం మళ్లీ చేతులు కడుక్కుంది, కోత యంత్రం ఆపించింది. బావ కొట్టు కట్టేసి మరీ వచ్చాడు. పదకొండూ రెండుకి ఫోన్ మోగింది. ఆమె నిలబడే విన్నది.

“అలాగే సార్, ఒకటో తారీఖున వస్తాను. ఈ నెల కాగితాలు మాత్రం బయటికి పంపకండి. నేనొచ్చి కుడతాను.”