ఒక్కపారి కూడ తిప్పి చూడని మిషన్

మొన్న దసరాకు మా లాబ్‌ల చేసిన పూజ యాదికొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతది.

వికారాబాద్ పక్కన మా కాలేజీ. ఆడ నేను పీహెచ్‌డీ చేస్తున్న. కొత్త రకం అణు రియాక్టర్‌ల కరెంటు పోయి పంపులు ఆగినా, లోపటి వేడికి నీళ్లు వాటంతట అవే తిరిగి దాన్ని సల్లబరచాలె. నిజంగ గట్ల తిరుగుతయా లేదా అని చూడనీకి పైపులతోని ఒక పెద్ద నమూనా కట్టినం. అండ్ల అణు ఇంధనం గిట్ట ఏం ఉండది, దాని జాగల హీటర్లే పెట్టాలె. గా హీటర్లకే సర్కారు గ్రాంటు రాలే. అడిగితే గ్రాంట్లు ఇచ్చే ఆఫీసు నుంచి, ఢిల్లీకెల్లి వచ్చిన పెద్ద సారు, "ఇప్పటిదాంక ఏమన్న అయిందా అమ్మా? ఎందుకంత ఫికర్?" అన్నడు. ఏమన్న అయినంక చూసేటందుకా మేమున్నది?

పూజకు మాత్రం పైసలు ఏడికెల్లి వచ్చినయో! పైపులకు బంతిపూల దండలు, కుంకుమ బొట్లు, నిమ్మకాయలు. వాకిట్ల గుమ్మడికాయ పగలగొట్టిండ్రు. గదే పెద్ద సారు మిషన్ పక్కన నిలబడి ఫోటో దిగిండు. తెల్లారి పేపర్ల పడ్డది: కరెంటు పోయినా ప్రమాదం లేదు, పరీక్ష సక్సెస్ అని. ఏం పరీక్ష? దాన్ని ఒక్కపారన్న నడిపిచ్చినమా? దేవునికి మొక్కుడు తప్పంటలేను. మొక్కి పని ఎగ్గొట్టుడేంది, జర సిగ్గుండాలె గదా!

గా దినమే మా గైడ్ సారు పిలిచిండు. "కంప్యూటర్ లెక్కలున్నయి గదా, పరీక్ష అయిందని రాసి సంతకం పెట్టు. లేకుంటే ప్రాజెక్టు ఉండది, నీ పీహెచ్‌డీ ఉండది" అన్నడు. ఎన్నడు అబద్ధం చెప్పని మనిషి. పైనోళ్లు ఆయనను గింతగనం భయపెట్టిండ్రని నాకు ఇంక కోపమొచ్చింది. "సోమవారం చెప్త సార్" అని రైలెక్కిన.

తాండూరుల దిగేసరికి స్టేషన్ ముంగట చాయ్ హోటల్ల మా నాయిన కూసున్నడు. నాపరాళ్లు పాలిష్ చేసే కాడికెల్లి దుమ్ము బట్టలతోనే వచ్చిండు, నన్ను తోల్కపోనీకి. చేతిల గా పేపరు. చుట్టు ఆయన దోస్తులు.

"ఇగో, మా బిడ్డ! గీ మిషన్ చేసింది గీమెనే" అని ఒకటే మురుస్తుండు. పక్కనున్న చాచా "మాషా అల్లా బేటీ" అన్నడు. నాయిన నా దిక్కు తిరిగి, "చెప్పు బిడ్డ, కరెంటు పోయినా ఏం కాదంట గదా?" అని అడిగిండు.

సారుకు ఏం చెప్పాలెనో అప్పటిదాంక నాకే తెల్వది. నాయినకు అబద్ధం చెప్పనీకి మాత్రం నోరు రాలే.

"తెల్వది నాయినా. ఎవ్వలం చూడలే. చూసినమని ఉత్తగనే రాసిండ్రు. నన్ను సంతకం పెట్టుమంటుండ్రు. నేను పెట్ట."

ఆయన మొకం చిన్నబోయింది. పేపర్ మడిచి జేబుల పెట్టుకున్నడు. "మెల్లగ మాట్లాడు బిడ్డ, అందరు ఇంటుండ్రు" అన్నడు.

"ఇననియ్యి నాయినా!"