ఆ తప్పుకు కారణం బాపు అట

మీ పిల్లలు ఇంట్లోనే కూర్చుని మీ గురించి ఏం రాస్తున్నారో మీకు తెలియదు. తెలుసుకునే ధైర్యమూ మీకు లేదు. నాకు ఈ రోజు తెలిసింది.

లాక్‌డౌన్‌తో మా అమ్మాయి ఆఫీసు మా వంటగదిలోకి వచ్చింది. కడోదరా అనే ఊళ్లోని మిల్లు కార్మికులకు షిఫ్టులు వేసే ప్రోగ్రాం రాస్తోంది. సాయంత్రంలోగా దాని వివరణ పంపాలి. నల్ల తెర మీద ఒక్క కమాండ్ కొట్టింది.

"కోడ్‌ల నాకోసం నేను రాసుకున్న కామెంట్లన్ని, గా నోట్సన్ని, అదే ఏరి పుస్తకం జేస్తది బాపూ."

"సదవకుండనే పంపుతవా? మిషిన్‌ను గంత నమ్ముడేంది?"

పంపేసింది. కాసేపటికే మేనేజర్ ఫోన్, స్పీకర్ మీద. ఆయనా మన కరీంనగర్ మనిషే; మొదటి పేజీ చదివి వినిపించాడు: "ఒకే మనిషికి పగలు, రాత్రి షిఫ్టు పడుతుంది. తర్వాత సరిచేస్తా. బాపు ఫోన్‌ల ఎనిమిది గంటల పనిదినం మీద అరుస్తుండు." ఆ బాపు, అంటే నాన్న, నేనే.

"ప్రతి పేజీల బాపే ఉన్నడు గదమ్మా! జర ఆయనను మ్యూట్ జేసి, అది సక్కజేసి మళ్ల పంపు."

తప్పు నాదేనా? మీరే చెప్పండి. ఈలోగా నా డిమాండ్లు:

ఆ షిఫ్టు ఈ రోజే సరిచేయాలి.
అప్పటిదాకా నాకెవరూ ఫోన్ చేయరాదు.
నన్ను మ్యూట్ చేయమన్న మాటను మేనేజర్ వెనక్కి తీసుకోవాలి.
ఆ పుస్తకంలో నా ఉపన్యాసం పూర్తి పాఠం వేయాలి.