సూరపరాజుగారి ముడి

పొద్దున మా వీధిలో ఎవరిదో పికప్ బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. కాఫీ గ్లాసు నా చేతిలోనే ఉండిపోయింది. ఆ దగ్గు వింటే ఇప్పటికీ సూరపరాజుగారు గుర్తొస్తారు.

ఆయన నా మొదటి యజమాని. సముద్రం పక్కన రొయ్యపిల్లల హేచరీ నడిపేవారు. రొయ్యపిల్లల్ని మేము సీడు అంటాం. ప్లాస్టిక్ సంచుల్లో నీళ్లతోపాటు పోసి, ఆక్సిజన్ నింపి, మూతి మెలిపెట్టి రబ్బరు బ్యాండ్లు వేస్తాం. చెరువు చేరేదాకా అవి ఆ గాలితోనే బతకాలి. ఆ ముడి వేయడంలో తనను మించినవాళ్లు లేరని ఆయన నమ్మకం. "నేను కట్టానంటే గాలి కూడా నన్నడిగే బయటికెళ్లాలండీ" అని మీసం దువ్వేవారు. పనివాళ్లనే కాదు, మొరాయించే మోటారుని కూడా అండీ అనేవారు. కోపం వస్తే ఆ అండీ ఇంకాస్త గట్టిగా వినపడేది.

ఆ రోజు భీమవరం దగ్గర సత్యంగారనే రైతుకి సీడు తీసుకెళ్తున్నాం. కిందటి పంట రోగం తగిలి మొత్తం పోయింది ఆయనకి. ఈసారీ దెబ్బతింటే చెరువు వదిలేస్తానని ముందే చెప్పారు. ప్యాకింగ్ ఆలస్యమై ఎండ ముదిరాక బయల్దేరాం. డ్రైవర్ నూకరాజు, మధ్యలో నేను, ఆ పక్కన సూరపరాజుగారు. భీమవరం ఇంకా దూరం ఉండగానే, కాలవ గట్టు మీద బండి లాగడం మానేసింది. దగ్గింది. ఆగింది.

కాసేపాగి తాళం తిప్పితే స్టార్టయింది. ప్రాణం లేచొచ్చిందనుకునేలోపే మళ్లీ దగ్గి ఆగింది. ఇంకోసారీ అంతే. వెనక సంచుల చుట్టూ పేర్చిన ఐసు కరిగి రోడ్డు మీద ధార కడుతోంది.

"డీజిల్లో నీళ్లు కలిసుంటాయండి. ఫిల్టర్ విప్పేస్తానండి" అన్నాడు నూకరాజు.

"విప్పితే ఎంతసేపండీ? అప్పటికి సీడుంటుందా?" సూరపరాజుగారి గొంతు లేచింది. "టక్కున ఆగిందా, దగ్గి ఆగిందా?"

"దగ్గేనండి."

"డీజిల్ అందట్లేదన్నమాట. మరి కాసేపాగితే ఎందుకు అందుతోందండీ? నీళ్లున్న డీజిల్ కాసేపాగితే మంచిదైపోదు కదా. నిన్న బాగానే ఉంది. ఈవేళ బండిలో కొత్తగా ఏం మారింది?"

నూకరాజు తల దించుకుని కాలితో గులకరాయిని తోస్తున్నాడు. వాడికి తెలుసని నాకు అర్థమైంది. నాకూ భయంగానే ఉంది.

"ట్యాంకు మూతండి" అన్నాను.

పొద్దున బంకులో ఆ మూత పోయింది. దాని బదులు సీడు ప్లాస్టిక్ ముక్క వేసి, బ్యాండ్ల మీద బ్యాండ్లు బిగించింది సూరపరాజుగారే. ఆయన బండి పక్కకి వెళ్లారు. ట్యాంకు మూతి మీద ప్లాస్టిక్ బాగా లోపలికి గుంజుకుపోయి ఉంది. డీజిల్ తగ్గేకొద్దీ ఆ చోటుకి గాలి వెళ్లాలి. వెళ్లే దారే లేదు. ఆయన వేళ్లకి ముడి లొంగలేదు. తాళంచెవితో పొడిచారు. బుస్సుమని ట్యాంకు గాలి పీల్చుకుంది.

"సీడుకి కట్టినట్టే కట్టేశానండి" అన్నారు నెమ్మదిగా. ఆయన గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. ట్యాంకు మూతికి చేతిరుమాలు వదులుగా చుట్టి బండి ఎక్కారు. మిగతా దారంతా బండి మళ్లీ దగ్గలేదు.

సత్యంగారు గట్టు మీదే నిలబడి ఉన్నారు. సంచులు దింపి ఎండకు ఎత్తి చూశాం. చాలావాటిలో సీడు చురుగ్గానే ఈదుతోంది. కొన్నిట్లో తెల్లబడి అడుక్కి చేరింది. సత్యంగారి మొహం మాడిపోయింది. "ఎక్కడ పడుకున్నావురా?" అని నూకరాజు మీదికి వెళ్లారు.

సూరపరాజుగారు ఇద్దరికీ మధ్యలోకి వచ్చి నిలబడ్డారు. "ఆడ్నేం అనకండి. బండి ఆగింది నా వల్ల. ట్యాంకు మూతి నేనే బిగించేశాను. పోయిన సీడుకి బదులు రేపు నేనే తెచ్చి పోస్తానండి" అన్నారు. చెరువు మీద కూలీలందరూ వింటున్నారు. ఆయన ఎవరి వైపూ చూడకుండా, చనిపోయిన సీడున్న సంచుల్ని ఒక్కొక్కటే విడిగా పెట్టసాగారు. నూకరాజు వెళ్లి ఆయన పక్కన కూర్చుని సంచులు అందించాడు.

ఆయన ఇప్పుడు లేరు. నా కింద పదిమంది పనిచేస్తున్నారు. ఏదైనా చెడినప్పుడు అందరూ డ్రైవర్ వైపు చూస్తారు. అది నా వల్లే చెడిందని తెలిసిన రోజున ఒప్పుకోవడం నాకింకా కష్టమే. అయినా ముందుకెళ్లి డ్రైవర్ పక్కన నిలబడి, నా వల్లేనని చెప్తాను.